ప్రథమా విభక్తిని చిన్నచూపు చూడరాదు

“విభక్తుల ప్రశ్న వదిలివేసినా ఉత్తీర్ణులం కావచ్చును కదా సార్!” అని మన విద్యార్థులు ప్రతి సంవత్సరమూ అడుగుతారు. కావచ్చును, నేను కాదనను. ఆ విభక్తులలోనూ ప్రథమ అంటే వారికి మరీ అలుసు. డు, ము, వు, లు అని నాలుగక్షరాలు అప్పగించి, “కర్తకు ప్రథమ” అని ఒక్క వాక్యం వ్రాసి, మిగిలిన వాటి జోలికి పోతారు. విద్యార్థులనే అనడం ఎందుకు? బోధించే మేము కూడా దానిని పది నిమిషాలలో ముగిస్తాము. ఈ అలుసు తగదని చెప్పడానికే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను. నా వాదానికి ఆధారం మన దేశంలోనిది కాదు. అది ఐరోపాలోని క్రొయేషియా భాషలోనిది.

ఆ భాషతో నాకు పరిచయం కలిగిన తీరు చెప్పాలి. నా వద్ద చదువుకొన్న ఒక విద్యార్థి అడ్రియాటిక్ సముద్రతీరంలోని స్ప్లిట్ నగరంలో ఒక హోటలు వంటశాలలో పనికి కుదిరాడు. క్రొయేషియా 2013లో ఐరోపా సమాఖ్యలో చేరింది. ఇటీవలి సంవత్సరాలలో భారతదేశం నుండి, నేపాలు నుండి, ఫిలిప్పీన్సు నుండి పనివారు అక్కడికి వెళుతున్నారు. అసలు పేరు వ్రాయడం ఉచితం కాదు కనుక అతనిని సలీం అందాము. వెళ్ళిన రెండవ నెలలో ఒక రాత్రి ఫోను చేశాడు. కంఠంలో కోపమూ దుఃఖమూ కలిసి ఉన్నాయి. “సార్, వీళ్ళు నన్ను ఆడపిల్ల పేరుతో ఎగతాళి చేస్తున్నారు. నేను కొంచెం దూరంగా ఉన్నప్పుడల్లా సలీమా, సలీమా అంటున్నారు. ఈ అవమానం పడలేను. వచ్చేస్తాను” అన్నాడు. అతని ప్రయాణానికి ఇంట్లో చేసిన అప్పు ఎంతో నాకు తెలుసు. తొందరపడవద్దని చెప్పి, వారు పలికిన వాక్యాన్ని యథాతథంగా చెప్పమన్నాను. “చెకామొ సలీమా” అని చెప్పాడు.

నాకు ఆ భాషలో ఒక్క మాట కూడా రాదు. ఆంగ్లంలో వ్రాసిన వ్యాకరణ గ్రంథం ఒకటి సంపాదించి కూర్చున్నాను. మూడవ రాత్రికి విషయం తేటపడింది. “చెకామొ సలీమా” అంటే “సలీం కోసం ఎదురుచూస్తున్నాము” అని అర్థం. అది ఎగతాళి కాదు. అది ద్వితీయా విభక్తి!

క్రొయేషియా భాషలో ఏడు విభక్తులు ఉన్నాయి. మొదటిది నామినతివ్, అనగా మన ప్రథమ. ఎవరు, ఏది అనే ప్రశ్నలకు అది సమాధానం. సలీం వచ్చాడంటే పేరు ‘సలీం’ గానే ఉంటుంది. సలీంను చూశామంటే ‘సలీమ’ అవుతుంది. సలీంకు ఇవ్వమంటే ‘సలీము’, సలీంతో అంటే ‘సలీమొమ్’, సలీమూ అని పిలిస్తే ‘సలీమె’. మనం సంబోధనను ప్రథమలోనే చేర్చుకొన్నాము; వారు దానిని వేరు విభక్తిగా లెక్కించారు. ఇన్ని రూపాలలో మనిషి పేరు ఉన్నది ఉన్నట్లు నిలిచే చోటు ప్రథమ ఒక్కటే. లాటిను వ్యాకర్తలు దీనికి పెట్టిన పేరుకు కూడా ‘పేరు చెప్పేది’ అనే అర్థం. 1604లో రోమునగరంలో అచ్చయిన తొలి క్రొయేషియా వ్యాకరణాన్ని బర్తొల్ కాషిచ్ అనే మతగురువు లాటినులోనే వ్రాశాడు. ఆ పరిభాష నేటికీ అక్కడ చెల్లుతున్నది.

“నిఘంటువులో ఉన్న రూపమే ప్రథమ. అందులో నేర్చుకోవలసినది ఏమున్నది?” అని కొందరు అంటారు. ఉన్నది. క్రొయేషియా భాషలో నామవాచకపు లింగాన్ని ఎక్కువగా దాని ప్రథమా రూపమే తెలుపుతుంది. హల్లుతో ముగిస్తే సాధారణంగా పుంలింగం, ‘అ’తో ముగిస్తే స్త్రీలింగం, ‘ఒ’, ‘ఎ’లతో ముగిస్తే నపుంసకం. నగరం ‘గ్రాద్’, పుస్తకం ‘క్న్యిగ’, గ్రామం ‘సెలొ’. విశేషణం కూడా దానిని అనుసరించాలి: ‘నోవి గ్రాద్’, ‘నోవ క్న్యిగ’, ‘నోవొ సెలొ’. తెలుగులో కొత్త నగరం, కొత్త పుస్తకం, కొత్త గ్రామం, విశేషణం కదలదు. ఉర్దూలో మాత్రం ‘నయా షహర్’, ‘నయీ కితాబ్’ అని కదులుతుంది. అపవాదాలూ లేకపోలేదు. అక్కడ ‘తాత’ అంటే తండ్రి. ఆ మాట ‘అ’తో ముగిసినా పుంలింగమే. రాత్రికి పేరైన ‘నోచ్’ హల్లుతో ముగిసినా స్త్రీలింగమే.

ఒక చిత్రం చూడండి. ఆ దేశపు భాషలోకి తురుష్కుల ద్వారా అరబ్బీ, పారసీ మాటలు చాలా ప్రవేశించాయి. మన జేబు అక్కడ ‘జెప్’, దుకాణం ‘దుచాన్’, చక్కెర ‘షెచెర్’. మన ఇళ్ళలో ఉర్దూ మాట్లాడేవారికి దుకాన్, షకర్ రెండూ స్త్రీలింగాలు. అవే మాటలు క్రొయేషియాలో హల్లుతో ముగిసిన కారణాన పుంలింగాలైనాయి. తెలుగులోనో, రెండూ అమహత్తులు. మాట ఒక్కటే అయినా ప్రథమలో నిలిచిన తీరును బట్టి ఇంటింటికీ దాని నడక మారుతున్నది. ప్రథమను నేర్వని వాడు తరువాతి ఆరింటిలోనూ తడబడక తప్పదు.

ఇక “కర్తకు ప్రథమ” అనే సూత్రం సంగతి. మనం పిల్లలకు నేర్పే అర్ధసత్యాలలో ఇది ఒకటి. ‘రాముని చేత రావణుడు చంపబడెను’ అన్నప్పుడు చంపినవాడు రాముడు. ప్రథమలో ఉన్నవాడు రావణుడు. ‘నాకు పుస్తకం నచ్చింది’ అన్నప్పుడు ఇష్టపడినవాడను నేను. క్రియ మాత్రం పుస్తకాన్ని అనుసరించింది. ఉర్దూలో ‘ముఝె కితాబ్ పసంద్ ఆయీ’, ‘ముఝె షహర్ పసంద్ ఆయా’ అంటాము. చెప్పేవాడు స్త్రీయా, పురుషుడా అన్న దానితో పని లేదు. క్రొయేషియాలోనూ సరిగ్గా ఇదే మర్యాద. పుస్తకం నచ్చితే ‘స్విద్యెల మి సె క్న్యిగ’, నగరం నచ్చితే ‘స్విదియొ మి సె గ్రాద్’. క్రియ స్త్రీలింగం కావడం, పుంలింగం కావడం ప్రథమలో ఉన్న వస్తువును బట్టియే. ప్రథమను చేసేవానికి ముడిపెట్టడం తగదని పాణిని కూడా గుర్తించాడు. శబ్దార్థం, లింగం, పరిమాణం, వచనం, వీటిని మాత్రమే తెలిపేది ప్రథమ అని ఆయన నిర్ణయం. ‘నాకు నచ్చింది’ అనే వాక్యాన్ని ఆంగ్లంలో ‘నేను ఇష్టపడ్డాను’ అన్నట్లు చెప్పవలసి వస్తుంది. ఆంగ్ల వ్యాకరణం కళ్ళద్దాలతో మన భాషను చూడడం వల్లనే ఈ పొరపాటు మనలో స్థిరపడిందని నా అభిప్రాయం.

మరొక మాట. ప్రథమా రూపమే మూలమని నమ్మడమూ ప్రమాదమే. ఇల్లు అన్న మాట ప్రథమ దాటగానే ‘ఇంటి’ అవుతుంది. కన్ను ‘కంటి’ అవుతుంది. చిన్నయసూరి ఇటువంటి వాటిని ఔపవిభక్తికములని విడదీసి చూపాడు. క్రొయేషియాలో తల్లికి ‘మాతి’ అనే పాత మాట ఉన్నది; ద్వితీయలో అది ‘మాతెర్’. సంస్కృతంలో మాతా, మాతరం. పేరుకు వారి మాట ‘ఇమె’, బహువచనంలో ‘ఇమెన’. సంస్కృతంలో నామ, నామాని. వేల మైళ్ళ ఎడంలో ఉన్న రెండు భాషలలోనూ ప్రథమ ఒకే అక్షరాన్ని దాచుకొన్నది! దీనిని చూచిన నాడు నాకు కలిగిన ఆనందం మాటలలో చెప్పలేను.

“ఇదంతా దేనికి? చేతిలోని ఫోను అనువాదం చేసి పెడుతుంది కదా” అని అడిగేవారున్నారు. చేస్తుంది. ఉప్పు ఎక్కడ అని అడగడానికి అది చాలును. కాని వెనుక నిలబడి నలుగురు తన పేరు పలుకుతుంటే, అది ప్రేమయో పరిహాసమో ఏ యంత్రాన్ని అడుగుతాము? సలీం వద్దా ఫోను ఉన్నది. అయినా అతని మనసు విరిగింది. ఏడు విభక్తులనూ పట్టికగా వల్లించమని నేను అనడం లేదు. మొదట ప్రథమను వస్తువులతో, మనుషులతో, లింగంతో, విశేషణంతో కలిపి నేర్వమంటున్నాను. పేరు ఇంట ఎట్లా ఉంటుందో తెలిస్తే, బయట ఏ వేషంలో కనిపించినా గుర్తుపట్టవచ్చును.

నా బాల్యంలో ఇటువంటిదే జరిగింది. తెలుగు పంతులుగారు ప్రథమా ప్రత్యయాలు చెబుతూ నా పేరు చివర ‘ము’ చేర్చి నల్లబల్ల మీద వ్రాశారు. సాయంత్రం ఇంటికి పోయి నానీమాతో మొరపెట్టుకొన్నాను. “నీ పేరుకు తోక తగిలించారా? తగిలిస్తే ఏమి, వాళ్ళింట్లో కూర్చోవడానికి పీట వేశారు” అని ఆమె నవ్వింది. అక్షరం రాని ఆమె మాటను, స్నాతకోత్తర విద్య ముగించిన తరువాత గాని నేను పూర్తిగా గ్రహించలేదు.

ఉర్దూ ఇంట పుట్టి తెలుగు చదివే మన విద్యార్థులను చూచి, రెండు భాషలూ సగం సగమే వచ్చినవారని కొందరు జాలిపడతారు. ఆ జాలి మనకు అక్కరలేదు. లింగాన్ని అనుసరించి మారే విశేషణమూ క్రియా ఉర్దూ మనకు ఇచ్చింది. సర్వనామం పలుకకపోయినా క్రియాంతం చేత వ్యక్తిని తెలిపే నేర్పు తెలుగు ఇచ్చింది. చదువుతున్నాను అన్న ఒక్క మాటలో నేను ఉన్నాను, క్రొయేషియావారి ‘చితామ్’లోనూ ఉన్నాను. ఈ రెంటినీ వ్యాకరణంతో కలుపుకొంటే మూడవ భాష మనకు పూర్తిగా పరాయిది కాదు. కలుపుకొనని నాడు రెండూ వృథా.

నాలుగవ రాత్రి సలీంకు ఫోను చేసి ఇదంతా వివరించాను. ఇంకొక సంగతి కూడా చెప్పాను. ఆ భాషలో పుంలింగ ఏకవచనానికి ఒక నియమం ఉన్నది. ప్రాణం లేని వస్తువైతే ద్వితీయలోనూ ప్రథమా రూపమే నిలుస్తుంది. ప్రాణి అయితేనే మారుతుంది. నగరాన్ని చూశామన్నా ‘గ్రాద్’ అనే అంటారు. మనమూ ‘ఉత్తరం వ్రాశాను’ అంటాము, ‘మిత్రుణ్ణి చూశాను’ అంటాము. “నీవు అక్కడ ఒక పెట్టెవో సంచివో అయి ఉంటే నీ పేరును కదిలించేవారు కారు నాయనా! ప్రాణమున్న మనిషివని ఎంచినందువల్లనే మార్చి పలికారు” అన్నాను. కొంతసేపు మాట లేదు. తరువాత, “సార్, విభక్తుల ప్రశ్న నేను పరీక్షలో వదిలేశాను” అన్నాడు.

అతడు తిరిగి రాలేదు. అక్కడే పని చేసుకొంటున్నాడు. ఈ సంవత్సరం పరీక్షలు వ్రాయబోయే వారు ఆ ప్రశ్నను వదలవద్దని మనవి.