ఛార్జర్ వెనక చిన్న అక్షరాలు మనం ఎందుకు చదవం?



రాత్రి తొమ్మిదిన్నర అయ్యేసరికి మన ఇళ్లలో ప్లగ్గు దగ్గర చిన్న తగవు మొదలవుతుంది. అమ్మాయికి ప్రాజెక్ట్ వర్క్ కోసం ల్యాప్‌టాప్ కావాలి. అబ్బాయి ట్యాబ్‌లో ఛార్జింగ్ 4 శాతం ఉంది. పొద్దున్న అలారం కొట్టాల్సిన మీ ఫోన్ కూడా ఎర్రగీత మీదే ఉంది. గదిలో ఉన్నవి రెండే సాకెట్లు. అందుకే మూడు నాలుగు పోర్టులున్న మల్టీపోర్ట్ ఛార్జర్ ఒకటి కొనేస్తున్నాం. అందులో తప్పేమీ లేదు. నేనూ కొన్నాను. ఎలా కొన్నానో చెబితే మీకు నవ్వొస్తుంది.

కిందటేడు మా అమ్మాయి ల్యాప్‌టాప్‌తో వచ్చిన ఛార్జర్ వైరు తెగిపోయింది. కంపెనీ ఛార్జర్ ధర వినగానే వెనక్కి తగ్గి, బజార్లో ఓ చిన్న షాపుకెళ్లి 450 రూపాయలకు నాలుగు పోర్టుల ఛార్జర్ తీసుకున్నాను. "ల్యాప్‌టాప్‌కి పనికొస్తుందా బాబూ?" అని అడిగితే, "ఏటవదు సార్, అందరూ ఇదే పట్టుకెళ్తన్నారు" అన్నాడు. డబ్బా మీద 65 వాట్లు అని పెద్ద అక్షరాలతో ఉంది. నాకు అది చాలనిపించింది.

మూడో రోజు రాత్రి పిల్లల గదిలోంచి ప్లాస్టిక్ కాలుతున్న వాసన వచ్చింది. ఛార్జర్ పరుపు మీద, దిండు పక్కనే ఉంది. పట్టుకోలేనంత వేడిగా ఉంది. స్విచ్ ఆపేశాం. ఏమీ కాలేదు, ఎవరికీ ఏమీ కాలేదు. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. తెల్లారాక ఆ ఛార్జర్ వెనక చిన్న అక్షరాలు చదివాను. ఔట్‌పుట్ అన్నచోట ఉన్న అన్నిటికంటే పెద్ద అంకె 9 వోల్టులు, 2 ఆంపియర్లు. రెండూ గుణిస్తే 18 వాట్లు. డబ్బా మీది 65కి, లోపలి 18కి సంబంధమే లేదు. దాంతో మేం ల్యాప్‌టాప్, ట్యాబ్, ఫోన్ మూడూ నడిపించాం.

సిగ్గుపడే విషయం ఏమిటంటే, నేను ఫిజిక్స్ టీచర్ని. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయని ఏటా పదో తరగతికి బోర్డు మీద రాసేది నేనే. నా కూతురు ఆ లెక్కకు పూర్తి మార్కులు తెచ్చుకుంది. ఇద్దరిలో ఒక్కరమైనా ఆ లెక్కను ఛార్జర్ మీద వేసి చూడలేదు. అందుకే ఈ వ్యాసం.

కంపెనీదే కొనాలా?

అక్కర్లేదని నా అభిప్రాయం. "ఒరిజినల్ తప్ప ఇంకేదీ ముట్టుకోవద్దు" అనే మాట షోరూముకు లాభం, మన జేబుకు భారం. మంచి కంపెనీ చేసిన వేరే ఛార్జర్ ల్యాప్‌టాప్‌కి నిశ్చింతగా వాడుకోవచ్చు. అలాగని "పిన్ను దూరితే చాలు" అన్నదీ తప్పే. ఈ రెండింటి మధ్య దారి ఉంది. ఆ దారికి కావాల్సింది ఐదు నిమిషాల ఓపిక.

ముందు మీ ల్యాప్‌టాప్‌తో వచ్చిన ఛార్జర్ తిప్పి చూడండి. 20 వోల్టులు, 3.25 ఆంపియర్లు అని ఉంటే దానికి 65 వాట్లు కావాలి. టైప్-సి పోర్టు ద్వారా ఛార్జ్ అయ్యే ల్యాప్‌టాప్ అయితే, కొత్త ఛార్జర్ లేబుల్‌లో "పవర్ డెలివరీ" అన్న మాట, 20 వోల్టుల వరుస ఉన్నాయో లేదో చూడండి. ఈ పద్ధతిలో ఛార్జర్, ల్యాప్‌టాప్ ముందు మాట్లాడుకుంటాయి. ఛార్జర్ మొదట 5 వోల్టులే ఇస్తుంది. ల్యాప్‌టాప్ అడిగాకే 9, 15, 20కి పెంచుతుంది. కాబట్టి 45 వాట్ల ల్యాప్‌టాప్‌కి మంచి 100 వాట్ల ఛార్జర్ పెడితే కాలిపోతుందన్న భయం అక్కర్లేదు. అది తనకు కావాల్సినంతే తీసుకుంటుంది.

గుండ్రటి పిన్నున్న పాత ల్యాప్‌టాప్‌ల సంగతి వేరు. అక్కడ ఈ మాటామంతీ ఉండదు. వోల్టేజి, పిన్ను ప్లస్ మైనస్‌లు సరిగ్గా కలవాలి. వాటికి ఆ మోడల్ కోసం చేసిన ఛార్జరే కొనండి. నాలుగు రకాల పిన్నులు మార్చుకునే చౌక అడాప్టర్ల జోలికి వెళ్లకండి.

65 అంటే అన్ని పోర్టులకూ కలిపి

మనలో ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. మల్టీపోర్ట్ ఛార్జర్ మీద రాసిన వాట్లు సాధారణంగా మొత్తం లెక్క. ల్యాప్‌టాప్ ఒక్కటే పెట్టినప్పుడు 65 ఇచ్చేది, పక్కన ఫోన్ పెట్టగానే 45, 20గా పంచుకోవచ్చు. ఆ పంపకం డబ్బా పక్కన చిన్న పట్టికలో ఉంటుంది. ల్యాప్‌టాప్‌కి 65 కావాలి, పక్కన ఫోన్, ట్యాబ్ కూడా పెట్టాలి అంటే 100 వాట్లది చూసుకోండి. రెండో ఫోన్ పెట్టినప్పుడు ల్యాప్‌టాప్ ఛార్జింగ్ ఒక్క క్షణం ఆగి మళ్లీ మొదలైతే కంగారు పడొద్దు. ఛార్జర్ కొత్తగా పంచుకుంటోందని అర్థం.

కేబుల్‌నూ మర్చిపోవద్దు. మామూలు టైప్-సి కేబుల్ 3 ఆంపియర్లకే, అంటే 60 వాట్ల వరకే. అంతకు మించితే 5 ఆంపియర్ల కేబుల్ కావాలి. ఆ కేబుల్‌లో తన సామర్థ్యం చెప్పే చిన్న చిప్ ఉంటుంది.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది బీఐఎస్ గుర్తు. కంప్యూటర్ పరికరాల అడాప్టర్లకు ఈ రిజిస్ట్రేషన్‌ను కేంద్రం తప్పనిసరి చేసింది. ఛార్జర్ మీద ఐఎస్ ప్రమాణం నంబరు, "ఆర్" అక్షరంతో మొదలయ్యే 8 అంకెల నంబరు ఉండాలి. నకిలీ వాళ్లు దాన్నీ అచ్చు వేయగలరు. అందుకే షాపులో నిలబడే ఫోన్‌లో "బీఐఎస్ కేర్" యాప్ తెరిచి ఆ నంబరు కొట్టండి. కంపెనీ పేరు, వస్తువు పేరు చేతిలో ఉన్నదానితో కలవాలి. కలవకపోతే వెనక్కి ఇచ్చేయండి. 230 వోల్టుల గోడ కరెంటుకీ మీ పిల్లల చేతికీ మధ్య ఉండేది ఆ ఛార్జర్ లోపలి ఇన్సులేషన్ ఒక్కటే. నాసిరకం ఛార్జర్‌లో మిగుల్చుకునే ఖర్చు అక్కడే.

పరుపు మీద వద్దు, తుపానులో వద్దు

2022 ఏప్రిల్‌లో విజయవాడలో పడకగదిలో ఛార్జింగ్ పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ పేలి ఒకరు ప్రాణం పోగొట్టుకున్నారు. ల్యాప్‌టాప్ బ్యాటరీ దానికంటే చాలా చిన్నది. కానీ అదీ లిథియం బ్యాటరీయే. ఛార్జర్, ల్యాప్‌టాప్ గట్టి బల్ల మీద, గాలి ఆడేచోట ఉండాలి. దుప్పటి కింద ఎప్పుడూ వద్దు. బ్యాటరీ ఉబ్బినట్టు కనిపిస్తే ఆ రోజే వాడకం ఆపేయండి. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరిచి రెండు రంధ్రాల్లో దూర్చకండి. ఎక్స్‌టెన్షన్ బాక్సుకి ఇంకో ఎక్స్‌టెన్షన్ తగిలించకండి.

మన జిల్లాల వాళ్లకు ఇంకో మాట అదనం. 2014 అక్టోబర్ హుద్‌హుద్, 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ మనం మర్చిపోలేదు. గాలివానలో కరెంటు పోయి వచ్చేటప్పుడు వోల్టేజి ఎగిరిపడుతుంది. ఉరుములు మొదలవగానే స్విచ్ ఆపడంతో సరిపెట్టుకోక ప్లగ్గు పీకేయండి. కరెంటు వచ్చాక పది నిమిషాలు ఆగి పెట్టండి.

ఇక మనం చేయాల్సింది

లక్ష రూపాయలు ఫీజు కట్టేటప్పుడు లెక్క చూసుకోని మనం, రాత్రంతా పిల్లల తల పక్కన ఉండే వస్తువు దగ్గర వెయ్యి మిగుల్చుకుంటున్నాం. నేను చేసింది అదే. స్కూలు యాజమాన్యానికి కూడా నా విన్నపం ఒకటి. వచ్చే పేరెంట్స్ మీటింగ్ రోజున ల్యాబ్‌లో ఒక బల్ల వేయండి. ఇంటి ఛార్జర్లు తెచ్చి, పదో తరగతి పిల్లలే లేబుల్ చదివి, లెక్క కట్టి, యాప్‌లో నంబరు చూసి తల్లిదండ్రులకు చెప్పాలి. హాస్టల్ గదుల్లోనూ టర్మ్‌కి ఒకసారి ఈ పరీక్ష జరగాలి. పిల్లలకు మార్కులు రావు, కానీ ఆ పాఠం మర్చిపోరు.

అందాకా ఆగక్కర్లేదు. ఈ రాత్రి మీ అమ్మాయినో అబ్బాయినో పిలిచి, ఇంట్లో ఛార్జర్ చేతికిచ్చి, "ఇది ఎన్ని వాట్లు, చెప్పు నాన్నా" అని అడగండి. జవాబు మీరిద్దరూ కలిసి కనుక్కోండి.