సరాయిలు పోయినవి, బాటసారి పోలేదు

ఒక పట్టణపు సంస్కారాన్ని తెలుసుకోదలచినవారు అక్కడి మేడలను, అంగళ్ళను లెక్కించనవసరం లేదు. పొద్దు గుంకిన వేళ ఎవరికీ చుట్టం కాని బాటసారి ఒకడు ఆ ఊరిలో దిగితే, అతడు తల దాచుకొనుటకు చోటున్నదా లేదా అని చూచిన చాలు. మన పూర్వులు ఈ పరీక్షలో చాలావరకు నెగ్గినారు. మనం ఓడిపోతున్నామని నా అభిప్రాయం.

ఇందుకు మన భాషే మొదటి సాక్షి. సంస్కృతం నుండి సత్రం వచ్చింది; పారశీకం నుండి సరాయి వచ్చింది; అరబ్బీ ముసాఫిరుకు పారశీకపు ఖానా తోడై ముసాఫిర్‌ఖానా అయింది; పూటకూళ్ళ ఇల్లు అచ్చ తెలుగు మాట. ఒక్క బాటసారి కోసం ఇన్ని భాషలు మన నాలుకపై కలిసి కాపురం చేస్తున్నవి. అతిథి అనగా తిథి చెప్పకుండా వచ్చేవాడని పెద్దలు అర్థం చెప్పినారు. జకాత్ ధనం పొందదగిన ఎనిమిది వర్గాలలో 'ఇబ్నుస్సబీల్'ను కూడా ఖురాన్ చేర్చింది. ఆ మాటకు 'దారి బిడ్డ' అని అర్థం. స్వగ్రామంలో కలిగినవాడే అయినా దారిలో నిస్సహాయుడైనవాడు సహాయానికి అర్హుడే. రెండు సంప్రదాయాలూ చెప్పినది ఒక్కటే: బాటసారికి చోటివ్వడం దయ కాదు, ధర్మం.

ఓరుగంటి వీధులలో సంచరించే ఇద్దరు మిత్రుల కథ అయిన 'క్రీడాభిరామం'లో ఒక్క రూకకు కమ్మని భోజనం పెట్టే ఇంటి ప్రస్తావన ఉన్నది. సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువరించిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో రాజుల యుద్ధాలకన్న ప్రజల తిండికీ, బట్టకూ, ఆటపాటలకూ పెద్దపీట వేసినారు. ఆ సురవరంవారే 1930లో మన జోగిపేటలో జరిగిన నిజాం రాష్ట్రాంధ్ర ప్రథమ మహాసభకు అధ్యక్షత వహించినారు. కనుక పూటకూళ్ళ ఇంటి చరిత్ర కూడా చరిత్రేనని ఈ ఊరివారికి వేరే చెప్పనక్కరలేదు.

అయితే పూటకూళ్ళ ఇల్లు రూక ఉన్నవానిది. రూక లేనివాని కోసం వెలసినవి సత్రాలు, సరాయిలు. గోలకొండ నుండి మచిలీపట్నం పోయే బాటలో హయాత్‌నగర్ ఉన్నది. మహమ్మద్ కులీ కుతుబ్‌షా కుమార్తె, అబ్దుల్లా కుతుబ్‌షా తల్లి అయిన హయాత్ బక్షీ బేగం పేరు మోస్తున్న ఊరు అది. అక్కడి మసీదు విశాలమైన ఆవరణ మధ్య నిలిచింది. ఆ ఆవరణ చుట్టూ నూరుకు పైగా గదులు బారులు తీరి ఉన్నవి. అవి నమాజు కోసం కట్టినవి కావు, బాటసారుల కోసం కట్టినవి. సమీపంలోనే హాథీ బావలీ అనే పెద్ద బావి. ప్రార్థనకు మసీదు, దాహానికి బావి, నిద్రకు గది – మూడింటినీ ఒక్కచోట ఊహించిన ఆ బుద్ధి మెచ్చదగినది. గోలకొండ సమీపాన షేక్‌పేటలోని రెండంతస్తుల సరాయిలో మనుషులకేగాక గుర్రాలకు, ఒంటెలకు కూడా చోటు కల్పించినారు. పదిహేడవ శతాబ్దంలో వజ్రాల బేరానికి గోలకొండ వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, నగర శివారులో మసీదులే పరదేశులకు సరాయిలుగా ఉపయోగపడుతున్నవని వ్రాసినాడు.

ఇక ఇంగ్లాండు సంగతి చూడండి. అక్కడి పట్టణాలలోని 'ఇన్' ధర్మసత్రం కాదు. డబ్బు తీసుకొని పడక, భోజనం ఇచ్చే ఇల్లు. చాసర్ కవి తన యాత్రికులను ప్రయాణం కట్టించిన టాబర్డ్ ఇన్ లండనులోని సదర్క్ పేటలో ఉండేది. దానిని 1873లో పడగొట్టినారు. దాని ప్రక్కనున్న జార్జ్ ఇన్ 1676లో అగ్నికి ఆహుతి కాగా మరుసటి ఏట తిరిగి కట్టినారు. రైలు కంపెనీ అందులో చాలా భాగాన్ని కూల్చివేయగా మిగిలినది 1937 నుండి నేషనల్ ట్రస్టు సంరక్షణలో ఉన్నది. నేటికీ అక్కడ తినుటకు, త్రాగుటకు జనం వస్తూనే ఉన్నారు. దానిని రక్షించినది కేవలం చట్టం కాదు, వాడుక. మనుషులు మసలే ఇంటికి చెదలు పట్టదు.

మనం చేసిన పొరపాటు ఇక్కడే ఉన్నది. మన సరాయిలను పాతరాళ్ళుగా చూచినాము గాని పనిచేయవలసిన ఇండ్లుగా చూడలేదు. నాంపల్లి రైల్వే స్టేషను 1907లో వెలసింది. రైలు వచ్చింది గనుక ఇక సరాయి అక్కరలేదని నాటి ప్రభుత్వం అనుకోలేదు. 1919లో, మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో, స్టేషను ఎదుటనే సరాయి కట్టించింది. కొత్త ప్రయాణానికి కొత్త సరాయి! ఆ తరువాత బస్సులు వచ్చినవి, పటాన్‌చెరు చుట్టూ కర్మాగారాలు వచ్చినవి, వాటి వెంట వేలమంది బాటసారులు వచ్చినారు. వారికి తగినన్ని సరాయిలు మాత్రం రాలేదు. నాంపల్లి సరాయి కూడా శిథిలమైంది.

లాడ్జీలు లేవా అని కొందరు అడుగవచ్చును. ఉన్నవి, అవి నేటి పూటకూళ్ళ ఇండ్లు. మరి రూక లేనివాని సంగతి ఏమిటి? 2020లో కరోనా కారణంగా దేశమంతా స్తంభించినప్పుడు మన జిల్లాలోని కంది వద్ద భవన నిర్మాణంలో ఉన్న వలస కార్మికులు ఇంటికి పంపుమని ఆక్రోశించినారు. మే 1వ తేదీన దేశంలోని తొలి శ్రామిక ప్రత్యేక రైలు సుమారు 1,200 మందితో లింగంపల్లి నుండి జార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరింది. మన గోడలు కట్టినవారికి మన నడుమ ఒక గోడ నీడ దొరకలేదు. దారి బిడ్డ అంటే ఎవరో ఆనాడు కళ్ళారా చూచినాము.

పూర్వకాలమంతా స్వర్ణయుగమని నేను అనడం లేదు. కులం అడిగి విస్తరి వేసిన సత్రాలు ఎన్నో ఉండేవి. కొందరికి వాటి అరుగు కూడా దక్కలేదు. 'సత్రం భోజనం, మఠం నిద్ర' అనే నానుడిని దిక్కులేనివానిపై ఎగతాళిగా వాడినవారూ మనవారే. సరాయిని తిరిగి తెచ్చుకొనేటప్పుడు దాని ద్వారం తేవాలి గాని ద్వారం వద్ద నిలబడిన కావలివానిని తేనక్కరలేదు.

కళాశాల కార్యవర్గంవారికి నాది ఒక్క మనవి. పరీక్షల రోజులలో దూరపు పల్లెల విద్యార్థులు తెల్లవారకముందే బస్సు కోసం నిలబడవలసి వస్తుంది. బస్సు తప్పితే ఏడాది చదువు తప్పుతుంది. ఆ కొద్ది రాత్రులకు రెండు గదులు తెరచి, చాపలు, మంచినీరు, దీపం ఏర్పాటు చేయండి. విద్యార్థినులకు తగిన కాపుదలతో వేరొక గది ఇవ్వండి. దానికి కావలసినది నిధులకన్న నిశ్చయం.

విద్యార్థులారా! మీ ఊరి సత్రం, చావడి, ముసాఫిర్‌ఖానా ఎక్కడ ఉండేవో మీ పెద్దలను అడిగి వ్రాసుకొనండి. ఎవరు కట్టించినారు, ఎవరు బస చేసినారు, ఎప్పుడు మూతబడినవి అని విచారించండి. ఉర్దూలో వ్రాసినా తెలుగులో వ్రాసినా అది మన ఊరి చరిత్రే. రేపు ఉద్యోగం కోసమో, పై చదువు కోసమో మీరును పరాయి ఊరిలో పొద్దు గుంకిన వేళ దిగవలసినవారే.