మళ్లీ దొరకని ఫైళ్లు ఎన్ని?

పాత తెలుగు పుస్తకాల కోసం నెట్‌లో వెతికేవాళ్లకు ఒకప్పుడు డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియానే పెద్ద దిక్కు. ఉమ్మడి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి చొరవతో మొదలై, బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ముఖ్య కేంద్రంగా లక్షల పుస్తకాలను స్కాన్ చేసిన ప్రాజెక్టు అది. అందులో చదవడం మాత్రం అంత తేలిక కాదు. ఒక్కో పేజీ ఒక్కో బొమ్మగా తెరుచుకునేది. ఓపికున్నవాళ్లు పేజీలన్నీ దించుకుని, కలిపి పీడీఎఫ్ చేసి, కంప్యూటర్లో దాచుకునేవారు. నెట్‌లో ఉన్నదానితో డిస్కు నింపుకోవడమెందుకని విసుక్కున్నవాళ్లూ ఉండే ఉంటారు. కాపీరైటు వివాదాల నడుమ 2017 నాటికి ఆ సైటు మూతపడింది. ఇవాళ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఆ పుస్తకాలు లక్షల్లో కనిపిస్తున్నాయంటే, సైటు బతికుండగానే కొందరు వాటిని దించి పెట్టుకోబట్టే.

ఇంటి కంప్యూటర్లోని డౌన్‌లోడ్స్ ఫోల్డరును ఈ కోణంలో ఎవరూ చూడరు. డిస్కు నిండిందన్న హెచ్చరిక వచ్చాకే అది గుర్తొస్తుంది. అప్పుడు చేసే పని రెండింట్లో ఒకటి. మొత్తం తుడిచేయడం, లేదంటే మొత్తం తీసుకెళ్లి ఇంకో డిస్కులో పడేయడం. రెండూ తప్పే. ఫైలు ఎంత పెద్దది, ఎంత పాతది అన్నవి కావు అడగాల్సిన ప్రశ్నలు. ఇది ఇవాళ పోతే రేపు మళ్లీ దొరుకుతుందా? తేల్చుకోవాల్సింది ఈ ఒక్కటే.

నెట్‌లోకి ఎక్కింది ఎక్కడికీ పోదన్న నమ్మకం చాలామందికి ఉంది. లెక్కలు అలా చెప్పడం లేదు. 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్లు తిరిగేసరికి తెరుచుకోవడం లేదని అమెరికాలోని ప్యూ రీసెర్చ్ సెంటర్ 2024లో తేల్చింది. లక్షల మంది సొంత పేజీలు కట్టుకున్న జియోసిటీస్‌ను యాహూ 2009లో మూసేసింది. సర్వర్ల మార్పిడిలో పొరపాటు జరిగి, 2016కు ముందు జనం ఎక్కించిన పాటలు పోయాయని 2019లో మైస్పేస్ ఒప్పుకుంది. పోయినవి 5 కోట్ల పాటలని అంచనా. చివరి ఆశగా నిలిచిన ఇంటర్నెట్ ఆర్కైవ్ కూడా 2024 అక్టోబరులో సైబర్ దాడికి గురై కొన్నాళ్లు తెరుచుకోలేదు.

అలాగని కనిపించిందల్లా దాచుకోనక్కర్లేదు. ఏ ఇంటి ఫోల్డరు చూసినా ఎక్కువ చోటు తినేవి పాత సాఫ్ట్‌వేర్ సెటప్ ఫైళ్లు, సినిమాలు, ఒకే పీడీఎఫ్‌కు నాలుగు నకళ్లు, వాట్సాప్‌లో వచ్చిపడిన శుభాకాంక్షల వీడియోలే. వీటిని నిర్దాక్షిణ్యంగా తీసేయొచ్చు. సెటప్ ఫైలు అవసరమైతే కంపెనీ సైటు నుంచి కొత్తది తెచ్చుకోవడమే క్షేమం. పాతదానిలో అప్పటి భద్రతా లోపాలన్నీ అలాగే ఉంటాయి. ఫైళ్లను సైజు ప్రకారం వరసపెట్టి, పైనున్న వాటిని తొలగిస్తే సగం భారం దిగిపోతుంది.

అసలు సంగతి కింద, కిలోబైట్లలో ఉంటుంది. ఎప్పుడో దించిన ఈసీ, పహాణీ, అడంగల్, 1బీ లాంటి భూమి పత్రాల నకళ్లు, పాత బ్యాంకు స్టేట్‌మెంట్లు, మానేసిన ఉద్యోగం తాలూకు ఫామ్ 16, పిల్లల మార్కుల మెమో. తెలంగాణలో భూముల రికార్డులకు 2020 అక్టోబరులో ధరణి పోర్టల్ వచ్చింది. 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలోకి భూభారతి వచ్చింది. ఐదేళ్లు తిరక్కుండానే పోర్టల్ మారింది. ఏ పోర్టలైనా ముఖ్యంగా చూపేది ఈ రోజు రికార్డును. ఫలానా తేదీన ఫలానా సర్వే నంబరు ఎవరి పేరున ఉండేదో తేలిగ్గా చెప్పేది ఆ రోజు దించుకున్న నకలే. అది కోర్టులో చెల్లుబాటయ్యే పత్రం కాకపోయినా, ఎక్కడ వెతకాలో, ఏమని అడగాలో చెప్పే ఆధారమవుతుంది. రెండు వందల కిలోబైట్లు లేని ఆ ఫైలును రెండు జీబీల సినిమాతో కలిపి తుడిచేస్తే ఎలా?

తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఇంకో చిక్కుంది. యూనికోడ్ వాడుకలోకి రాకముందు, వచ్చాక కూడా చాలాకాలం, మన డీటీపీ సెంటర్లలో పని జరిగింది అను, శ్రీలిపి ఫాంట్లతోనే. పేజ్‌మేకర్లో కూర్చిన కవితా సంపుటి, తాతగారి ఆత్మకథ, ఊరి గుడి చరిత్ర లాంటివి ఎన్నో ఇళ్లలో ఆ ఫైళ్లుగానే మిగిలాయి. ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే కనిపించేది ఇంగ్లిషు అక్షరాల గజిబిజి. ఫైలు ఉన్నా నేరుగా చదవలేం. ఇలాంటివాటిని ఫాంటు ఉన్న యంత్రం పనిచేస్తుండగానే పీడీఎఫ్ చేయాలి, వీలైతే యూనికోడ్‌లోకి మార్చాలి. పాత కంప్యూటరును పాతసామాన్ల వాడికి ఇచ్చేశాక ఆ పని చాలా కష్టం.

ఏరుకున్న ఫైళ్లకు పేర్లు పెట్టడం తర్వాతి పని. ‘డౌన్‌లోడ్ 3’ అనో ‘స్కాన్ 0001’ అనో ఉన్న ఫైలు పదేళ్ల తర్వాత ఎవరికీ దొరకదు. సంవత్సరం, ఊరు, విషయం పేరులోనే ఉంటే చాలు. ఆపైన వాటిని డౌన్‌లోడ్స్ ఫోల్డరు నుంచి బయటికి తేవాలి. 2018లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1809లో డిస్క్ క్లీనప్ జాబితాలోకి డౌన్‌లోడ్స్ ఫోల్డరు కూడా చేరింది. చూసుకోకుండా టిక్కు పెట్టినవాళ్ల ఫైళ్లు ఊడ్చుకుపోయాయి. అదే అప్‌డేట్ కొందరి డాక్యుమెంట్లను కూడా చెరిపేస్తోందని తేలడంతో, విడుదలైన కొద్ది రోజులకే మైక్రోసాఫ్ట్ దాన్ని నిలిపేసింది.

బ్యాకప్ అనగానే ‘మాది గూగుల్ డ్రైవ్‌లో ఉందిలే’ అంటారు. సింక్ వేరు, బ్యాకప్ వేరు. సింక్ పెట్టిన ఫోల్డరులో ఇక్కడ పొరపాటున తీసేసింది అక్కడా పోతుంది. చెత్తబుట్టలో కొన్నాళ్లు మాత్రమే ఆగుతుంది. పోనీ ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ కొని ఇరవై నాలుగు గంటలూ కంప్యూటర్‌కే తగిలించి ఉంచితే, రాన్సమ్‌వేర్ వచ్చినప్పుడు రెండింటికీ ఒకేసారి తాళం పడుతుంది. 2017 మేలో ప్రపంచాన్ని కుదిపిన రాన్సమ్‌వేర్ వాన్నాక్రై ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లనూ వదల్లేదు.

ఫొటోగ్రాఫర్ పీటర్ క్రో ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం వీటన్నిటికీ కలిపి జవాబు. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, వాటిలో ఒకటి ఇంటి బయట. మామూలు కుటుంబానికి ఇది భారమేమీ కాదు. కంప్యూటర్లో ఒకటి, నెలకోసారి తగిలించి తీసేసే హార్డ్‌డిస్క్‌లో ఒకటి, క్లౌడ్‌లోనో ఊళ్లో అన్నయ్య ఇంట్లోనో ఒకటి. ఏరిన ఫైళ్లన్నీ కలిపినా గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీల్లో సర్దుకుపోయే ఇళ్లే ఎక్కువ. అన్నీ ఒకేచోట పెడితే ఏమవుతుందో దక్షిణ కొరియా చూపించింది. దస్త్రాలు ఆఫీసు కంప్యూటర్లలో కాకుండా జీ-డ్రైవ్ అనే ప్రభుత్వ క్లౌడ్‌లోనే పెట్టాలని అక్కడి ఉద్యోగులకు చెప్పారు. 2025 సెప్టెంబరు 26న డేజాన్‌లోని ప్రభుత్వ డేటా సెంటర్ తగలబడితే 858 టెరాబైట్లు బూడిదయ్యాయి. బయట రెండో ప్రతి లేదు.

బ్యాకప్ ఉందనుకోవడం ఒకటి, దాన్ని తెరిచి చూడటం ఒకటి. 1998లో పిక్సార్ స్టూడియోలో ఎవరో కొట్టిన ఒక్క కమాండుతో ‘టాయ్ స్టోరీ 2’ ఫైళ్లు చాలావరకు చెరిగిపోయాయి. బ్యాకప్‌ల వైపు చూస్తే అవి పనిచేయడం మానేసి చాలా రోజులైంది. పసిబిడ్డ ఉండటంతో ఇంటినుంచి పనిచేస్తున్న స్టూడియో ఉద్యోగి గేలిన్ సుస్మన్ కంప్యూటర్లో ఒక ప్రతి ఉండబట్టి బయటపడ్డారు. ఇంట్లోనైనా ఏడాదికోసారి హార్డ్‌డిస్క్ తీసి, నాలుగు ఫైళ్లు తెరిచి చూడాలి. పాస్‌వర్డు ఇంట్లో ఇంకొకరికీ తెలిసి ఉండాలి. రెండేళ్లు ముట్టుకోని వ్యక్తిగత ఖాతాలను గూగుల్ 2023 డిసెంబరు నుంచి తొలగిస్తోంది. చనిపోయిన తండ్రి ఖాతాలోని పత్రాలకు కూడా ఆ నియమమే వర్తిస్తుంది.

ఇదంతా ఇంటివాళ్ల మీదే వేసి ప్రభుత్వాలు తప్పుకోవడం కుదరదు. 2014 సెప్టెంబరు 30న తన సోషల్ నెట్‌వర్క్ ఆర్కుట్‌ను మూసేసినప్పుడు, ఫొటోలూ రాతలూ దించుకోవడానికి గూగుల్ 2016 సెప్టెంబరు దాకా గడువిచ్చింది. కాలక్షేపం కబుర్లకే రెండేళ్లు ఇచ్చినప్పుడు భూమి కాగితానికి అంతకన్నా తక్కువ ఇవ్వకూడదు. ఏ ప్రభుత్వ పోర్టల్‌ను మార్చినా, పాతది కనీసం రెండేళ్లు చదవడానికి తెరిచే ఉండాలి. తమ పేరున ఉన్న పత్రాలన్నీ ఒకేసారి తేదీతో సహా దించుకునే మీట అందులో ఉండాలి. మూసే తేదీని పంచాయతీ నోటీసు బోర్డు మీద, మీసేవ కేంద్రం గోడ మీద అంటించాలి.