నవ్వితే కన్ను మూసుకునే దుర్యోధనుడు

ఈ వారం మీకో చిన్న పని. అద్దం ముందు నిలబడి ఒక్క కనుబొమ పైకెత్తండి. రెండోది కదలకూడదు సుమా! ఏం, రావడంలేదా? బెంగపడకండి, చాలామందికి రాదు. ఇంట్లోవాళ్ళు చూస్తే "వీడికేమైందే" అని కంగారు పడతారు, కాస్త తలుపేసుకుని చెయ్యండి.

ముఖంతో ఎన్ని వేషాలు వెయ్యొచ్చో చూపించినాయన మన పల్నాటివాడే. సత్తెనపల్లి దగ్గర చాగంటివారిపాలెంలో పుట్టిన బ్రహ్మానందం. 1987లో 'అహ నా పెళ్ళంట'లో అరగుండుగా కనిపించిన దగ్గర్నుంచీ జనం ఆ ముఖం చూస్తే చాలు నవ్వుతున్నారు. ఇప్పుడు సెల్‌ఫోన్లలో మీరు ఒకరికొకరు పంపుకునే బొమ్మల్లో ఆయన మాట వినపడదు, అయినా అర్థం కాకుండా పోతోందా? ఆ కిటుకు ఎక్కడుందో చూద్దాం.

చేతిలోనూ కాలిలోనూ కండరాలు ఎముకల్ని లాగుతాయి. ముఖంలో సంగతి వేరు. అక్కడ చాలా కండరాల ఒక కొస ఎముకని పట్టుకుంటే రెండో కొస చర్మంలోనే కలిసిపోయి ఉంటుంది. కండరం లాగిందంటే చర్మమే కదులుతుంది. తోలుబొమ్మకి దారాలు కట్టినట్టన్నమాట. నుదుటి మీద ఫ్రంటాలిస్ లాగితే ఆశ్చర్యం. కనుబొమల మధ్య కారుగేటర్ ముడిపడితే కోపం. చెంప మీంచి పెదవి కొసకి దిగే జైగోమాటికస్ పైకి లాగితే నవ్వు. చెంప లోపలుండే బక్సినేటర్ అనే పేరుకి లాటిన్‌లో బాకా ఊదేవాడని అర్థం. చిలకలూరిపేట నాదస్వరం విన్నవాళ్ళకి దాని పనేమిటో చెప్పక్కర్లేదు.

అసలైన నవ్వు, నటించిన నవ్వు వేరు వేరని ఫ్రాన్సులో డ్యూషెన్ అనే డాక్టరు 1862లోనే పుస్తకం వేశాడు. ముఖం మీద కరెంటు పెట్టి ఒక్కో కండరాన్నీ విడిగా కదిలించి ఫోటోలు తీయించాడు మహానుభావుడు! పెదవిని మనం చెప్పినట్టు నవ్వించొచ్చుగానీ, కంటి చుట్టూ ఉండే కండరం మనసులో సంతోషం ఉంటేనే ముడుచుకుంటుందన్నాడు. తర్వాతివాళ్ళు పరీక్షించి చూస్తే కావాలని ముడిచేవాళ్ళూ బోలెడుమంది తేలారు. మనకి మాత్రం అందులో వింతేముంది? దాచేపల్లిలో పుట్టిన ధూళిపాళ 1966లో 'శ్రీకృష్ణ పాండవీయం'లో శకునిగా నవ్వుతుంటే పెదవి ఒకటి చెప్పేది, కన్ను ఇంకొకటి చెప్పేది.

ధూళిపాళ పేరెత్తితే మా మేనమామ గుర్తొస్తాడు. గురజాల వైపు పద్యనాటకాల్లో దుర్యోధనుడి వేషం ఆయనది. ఓ రోజు పొద్దున్నే పళ్ళు తోముకుని పుక్కిలిస్తుంటే నీళ్ళు ఎడమ పక్కనుంచి కారిపోయాయి. అద్దంలో చూసుకుంటే మూతి కుడి పక్కకి పోయింది, ఎడమ కన్ను మూతపడటంలేదు. నాటకం ఇంకా తొమ్మిది రోజులుంది. ఇంటిల్లిపాదీ ఏడుపు. గాలి సోకిందన్నవారొకరు, పావురం మాంసం పెట్టమన్నవారొకరు. పసరు మందుతో వారం గడిచాక మా అత్త పట్టుబట్టి నరసరావుపేట తీసుకొచ్చింది.

డాక్టరుగారు ముందు అడిగిందేమిటో తెలుసా? "కనుబొమలు పైకెత్తండి." కుడిది లేచింది, ఎడమది లేవలేదు. నుదుటి మీద ముడతే పడలేదు. చేతులు ఎత్తించి, మాట్లాడించి, అప్పుడు కాస్త తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు.

ఎందుకంటే నుదుటికి మెదడు రెండు వైపుల నుంచీ ఆజ్ఞలొస్తాయి. మెదడులో ఒక పక్క దెబ్బతిని పక్షవాతం వస్తే కింద మూతి వంకరపోయినా నుదురు సాధారణంగా కదులుతుంది. నుదురు కూడా చచ్చుబడిందంటే లోపం ఎక్కువగా ముఖపు నరంలో ఉన్నట్టు. ఏడో కపాల నరమది. చెవి వెనక ఎముకలోని ఇరుకు గొట్టంలోంచి వచ్చి చెంపలోకి అయిదు పాయలుగా విచ్చుకుంటుంది. అది వాచిందా, ఆ ఇరుకులో నలిగి ముఖంలో సగం పడిపోతుంది. బెల్స్ పాల్సీ అంటారు. ఆ నరమే చెవిలో శబ్దాన్ని తగ్గించే చిన్న కండరాన్నీ నడుపుతుంది. "హార్మోనియం ఎడమ చెవిలో సమ్మెటతో కొట్టినట్టుందిరా" అని మామయ్య మొత్తుకున్నది అందుకే. మేమేమో ఆయనకి మతి చలించిందనుకున్నాం!

చాలామందికి కొన్ని వారాల్లోనో నెలల్లోనో నయమవుతుంది. అయితే స్టెరాయిడ్ మాత్రలు 72 గంటల్లోపు మొదలుపెడితే పూర్తిగా కోలుకునే అవకాశం పెరుగుతుంది. మామయ్యకి ఆ గడువు పసర్లలోనే పోయింది. మూతపడని కన్ను ఎండిపోకుండా చుక్కలు వేసి, రాత్రిళ్ళు రెప్పకి టేపు అంటించమన్నారు. ఇంకో సంగతి, నుదురు కదులుతోందా లేదా అని మీరు ఇంట్లో కూర్చుని తేల్చుకోకండి. మూతి వంకరపోయిందంటే ఆస్పత్రికే. దాంతోపాటు చెయ్యి పడిపోయినా, మాట తడబడినా 108కి ఫోన్ చెయ్యండి. అక్కడ లెక్క రోజుల్లో కాదు, గంటల్లో ఉంటుంది.

తారలకీ ఇది తప్పలేదు. హిందీ నటి లలితా పవార్ 1942లో షూటింగులో గట్టి చెంపదెబ్బ తిని ముఖం సగం చచ్చుబడి మూడేళ్ళు వైద్యం చేయించుకుంది. ఎడమ కన్ను మాత్రం మునుపటిలా కాలేదు. కథానాయిక వేషాలు పోయాయి. ఆ కన్నుతోనే గయ్యాళి అత్త పాత్రలకి పెట్టింది పేరైంది, టీవీ 'రామాయణ్'లో మంథర అయింది. 2022లో పాటగాడు జస్టిన్ బీబర్ సగం ముఖంతో నవ్వుతూ వీడియో పెట్టాడు. అతనిది రాంసే హంట్ అనే జబ్బు, అదీ ఈ నరానికే.

మామయ్య సంగతి చెప్పలేదు కదూ! ఆ నాటకం పోయింది. ఆర్నెల్లకి మూతి కుదురుకుంది గానీ నరం తిరిగి మొలిచేటప్పుడు పాయలు తారుమారయ్యాయట. పెదవికి వెళ్ళాల్సిన ఆజ్ఞ కంటికీ పోతోంది. నవ్వితే ఎడమ కన్ను దానంతటదే మూసుకుంటుంది. కిందటేడు మాచర్ల దగ్గర ఓ ఊళ్ళో మళ్ళీ గద పట్టి, నిండుసభలో విరగబడి నవ్వాడు. కన్ను మూసుకుంది. ఈలలే ఈలలు! రంగు కడుక్కుంటూ నన్ను దగ్గరికి పిలిచి, "వాళ్ళు నటన అనుకుంటున్నారు అబ్బాయ్... ఎవరికీ చెప్పమాక" అన్నాడు.

మీకు చెప్పేశాను. మామయ్య ఈ పత్రిక చదవడు లెండి!