ఓనమాలు దిద్దించే చేయి

‘బతకలేక బడిపంతులు’ అనే సామెత తెలుగునాట ఎంత పాతదో, అందులోని చిన్నచూపు కూడా అంత పాతది. కాలం మారింది. నేడు డి.ఎస్సీ. ప్రకటన వెలువడితే ఒక్కొక్క ఉద్యోగానికి ఎందరో పోటీపడుతున్నారు. ప్రభుత్వ ఉపాధ్యాయుల జీతభత్యాలు మెరుగయ్యాయి. అయినా ఆ చిన్నచూపు పూర్తిగా తొలగిపోలేదు. అది ప్రాథమిక పాఠశాల గుమ్మం దగ్గర నిలిచిపోయింది. కళాశాలలో బోధించేవారు పండితులు, ఉన్నత పాఠశాలలో బోధించేవారు విషయ నిపుణులు, ఒకటో తరగతికి చెప్పేవారు మాత్రం పిల్లలను ఆడించేవారు అన్న భావన విద్యావంతులలో సైతం కనిపిస్తుంది. ‘అ ఆలు చెప్పడానికి అంత చదువెందుకు?’ అనే ప్రశ్న ఆ భావన నుంచి పుట్టిందే. పాఠం చిన్నది కనుక దానిని బోధించడం కూడా చిన్నపని అనుకోవడమే ఇందులోని పొరపాటు.

ఈ పొరపాటుకు ఒక సహజమైన కారణం ఉంది. చదవడం రాని రోజులు ఎలా ఉండేవో పెద్దవారెవరికీ జ్ఞాపకం ఉండవు. అక్షరాన్ని చూడగానే శబ్దం మనసులో మెదలడం వారికి ఊపిరి పీల్చినంత సహజంగా జరిగిపోతుంది. ఇంటర్మీడియట్‌లో భౌతికశాస్త్రం బోధించిన అధ్యాపకుడిని విద్యార్థి జీవితాంతం గుర్తుంచుకుంటాడు. ‘త’కు కొమ్ము ఇస్తే ‘తు’ అవుతుందని ఏ రోజున, ఎవరి వేలు పట్టుకొని తెలుసుకున్నాడో మాత్రం చెప్పలేడు. ఫలితం ఎంత సంపూర్ణంగా సిద్ధిస్తే, దాని వెనుక ఉన్న శ్రమ అంతగా మరుగునపడుతుంది. ప్రాథమిక ఉపాధ్యాయుని వృత్తిలోని విషాదం ఇదే.

ఆ శ్రమ ఎటువంటిదో ఒక చిన్న లెక్క ద్వారా తెలుస్తుంది. 52 నుంచి 27 తీసివేయమంటే రెండో తరగతి పిల్లవాడు 35 అని రాస్తాడు. తప్పు అని అడ్డగీత గీయడం ఎవరైనా చేయగల పని. ఆ తప్పు ఎలా పుట్టిందో గ్రహించడం ఉపాధ్యాయుని పని. పిల్లవాడు అజాగ్రత్తగా ఏమీ రాయలేదు. పెద్ద అంకె నుంచే చిన్న అంకెను తీసివేయాలన్న నియమాన్ని నమ్మి, ఒకట్ల స్థానంలో 7 నుంచి 2ను, పదుల స్థానంలో 5 నుంచి 2ను తీసివేశాడు. అతనికి నియమం తెలుసు, స్థానవిలువ తెలియదు. ‘పక్క నుంచి అప్పు తెచ్చుకో’ అన్న మాట అతనికి మంత్రంలా వినిపిస్తుంది. ఉపాధ్యాయురాలు పదేసి చీపురుపుల్లలను కట్టలుగా కట్టి, అతని చేతనే ఒక కట్టను విప్పించి, పది ఒకట్లుగా లెక్కపెట్టించినప్పుడు ఆ అప్పు అర్థమవుతుంది. ముప్పై మంది పిల్లలు ముప్పై రకాలుగా తప్పులు చేస్తారు. ప్రతి తప్పు వెనుకా ఒక ఆలోచన ఉంటుంది. దానిని చదవగలగడమే ఈ వృత్తికి ప్రాణం.

భాష విషయంలో ఈ బాధ్యత మరింత సున్నితమైనది. ద–డ, ప–వ వంటి అక్షరాల మధ్య ఉన్న చిన్న తేడా పెద్దలకు కనిపించినంత స్పష్టంగా ఐదేళ్ల పిల్లలకు కనిపించదు. గుణింతాలు, ఒత్తులు వచ్చేసరికి తడబాటు రెట్టింపవుతుంది. దీనికి తోడు ఇంటిభాషకు, పుస్తకభాషకు దూరం ఉంటుంది. ఇంట్లో ‘ఆనపకాయ’ అని పలికే పాప పుస్తకంలోని బొమ్మ కింద ‘సొరకాయ’ అన్న మాటను చూసి నోరు మెదపదు. ఆమెకు కాయ తెలుసు, మాట కూడా తెలుసు. తన మాట తప్పేమోనన్న భయం ఆమెను ఆపుతుంది. ఆమె మాటను మన్నించి, దాని పక్కన పుస్తకంలోని మాటను నిలిపే నేర్పు ఉపాధ్యాయురాలికి ఉండాలి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన గిడుగు రామమూర్తి (1863–1940) ఈ సత్యాన్ని ఏనాడో గుర్తించారు. సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పాలని, ముందుగా తానే సవర భాష నేర్చుకొని, ఆ భాషలో వాచకాలు రాసి, సొంత ఖర్చుతో బడులు నడిపారు. పిల్లవాడు గురువు దగ్గరకు రావడానికి ముందు గురువే పిల్లవాడి దగ్గరకు వెళ్లాలని ఆయన ఆచరణ తెలియజేస్తుంది.

ఈ నైపుణ్యం ప్రత్యేకమైనదని న్యాయస్థానం కూడా అంగీకరించింది. ప్రాథమిక తరగతుల బోధనకు బి.ఇడి. పట్టా అర్హత కాజాలదని, చిన్నపిల్లల బోధనకు ఉద్దేశించిన డి.ఇడి. వంటి శిక్షణే తగినదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పై తరగతులకు బోధించగలవారు కింది తరగతులకు సులభంగా బోధించగలరన్న వాదం ఈ తీర్పుతో వీగిపోయింది.

అయితే నైపుణ్యం ఉన్నంత మాత్రాన సరిపోదు. దానిని ప్రయోగించడానికి సమయం కావాలి. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. ఐదో తరగతి వరకు సంవత్సరానికి 200 పనిదినాలు, 800 బోధనా గంటలు ఉండాలని అది నిర్దేశించింది. అంటే రోజుకు నాలుగు గంటలు. అరవై మంది వరకు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలని కూడా చెప్పింది. కాని 2024–25 విద్యాసంవత్సరపు కేంద్ర ప్రభుత్వ గణాంకాల ప్రకారం దేశంలో లక్షకు పైగా ఏకోపాధ్యాయ పాఠశాలలు ఉన్నాయి. వాటిలో 12 వేలకు పైగా ఆంధ్రప్రదేశ్‌లోనే ఉన్నాయి. ఐదు తరగతులకు ఒక్కరే ఉపాధ్యాయులైనచోట ఆ నాలుగు గంటలను ఐదుకు పంచితే ఒక్కొక్క తరగతికి దక్కేది 48 నిమిషాలు. తెలుగు, ఇంగ్లిషు, గణితం, పరిసరాల విజ్ఞానం అన్నీ ఆ 48 నిమిషాలలోనే సాగాలి. ఒక తరగతికి పలక మీద పని అప్పగించి, మరొక తరగతి చేత చదివించి, మూడో తరగతికి పాఠం చెబుతూ, మిగిలిన పిల్లలు కొట్టుకోకుండా ఒక కన్ను అటు వేయడం అక్కడి నిత్యకృత్యం.

ఆ 48 నిమిషాలు కూడా పూర్తిగా మిగలవు. హాజరు, భోజనాల సంఖ్య, గుడ్ల లెక్క ఫోనులోని యాప్‌లలో నమోదు చేయాలి. పై కార్యాలయం అడిగిన వివరాలు ఆనాడే పంపాలి. జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప మరే ఇతర బోధనేతర పనులకూ ఉపాధ్యాయులను వినియోగించరాదని చట్టంలోని 27వ సెక్షన్ చెబుతున్నది. అయితే బడిలోనే పుట్టే ఈ కాగితాల పనికి ఆ సెక్షన్ అడ్డుకట్ట వేయలేదు. మధ్యాహ్న భోజనం పిల్లలకు అత్యవసరమైనదే. ఆకలితో ఉన్న బిడ్డకు అక్షరం ఎక్కదు. కాని భోజనం లెక్కను, పాఠాన్ని ఒకే వ్యక్తి మోయవలసి వచ్చినప్పుడు వెనుకబడేది పాఠమే. లెక్క రాయకపోతే సాయంత్రానికి సంజాయిషీ అడుగుతారు. పాఠం సాగకపోతే అడిగే నాథుడు ఉండడు.

పిల్లల జీవితాలు కూడా బడి గంటకు అనుగుణంగా నడవవు. కర్నూలు జిల్లా పడమటి పల్లెల నుంచి కుటుంబాలు మిరపకోతల కోసం గుంటూరు వైపు వలసపోయినప్పుడు పిల్లలూ వెంట వెళతారు. నెలల తరువాత తిరిగివచ్చిన పిల్లవాడు తాను నేర్చిన గుణింతాలను మరచిపోయి ఉంటాడు. అతని కోసం మళ్లీ మొదటి పుట తెరవాలి. ముందుకు సాగిన మిగిలినవారినీ ఆపరాదు.

ఇందుకు చెల్లిస్తున్న మూల్యం చిన్నది కాదు. 2024 నాటి ‘అసర్’ నివేదిక ప్రకారం దేశంలోని గ్రామీణ ప్రభుత్వ పాఠశాలల మూడో తరగతి పిల్లలలో రెండో తరగతి పాఠాన్ని చదవగలిగినవారు 23.4 శాతం మాత్రమే. 2022లో ఇది 16.3 శాతంగా ఉండేది. పెరుగుదల ఆశాజనకమే, అయినా నలుగురిలో ముగ్గురు వెనుకనే ఉన్నారు. మూడో తరగతి వరకు పిల్లలు చదవడం నేర్చుకుంటారు. ఆ తరువాత చదివి నేర్చుకుంటారు. ఆ మెట్టు దగ్గర జారిన పిల్లవాడు గోల చేయడు. చివరి వరుసలో మౌనంగా కూర్చొని, ఏడో తరగతిలోనో ఎనిమిదో తరగతిలోనో ఒకనాడు రావడం మానేస్తాడు. ఆనాడు అందరూ ఉన్నత పాఠశాలను తప్పుపడతారు.

ఉపాధ్యాయులందరూ నిర్దోషులని దీని అర్థం కాదు. వేళకు రానివారు, పిల్లల మీద చేయిచేసుకునేవారు, ఏళ్ల తరబడి కొత్త పుస్తకం తెరవనివారు ఉన్నారు. వారిని ప్రశ్నించే హక్కు తల్లిదండ్రులకు ఉంది. అయితే నిజాయితీగా పనిచేసేవారి చేతులు కట్టివేసి, పనిచేయనివారి పేరు చెప్పి అందరినీ నిందించడం న్యాయం కాదు. ప్రైవేటు పాఠశాలల పరిస్థితి మరొక రకంగా ఉంది. అక్కడ చాలాచోట్ల అతి తక్కువ జీతం ఎల్‌కేజీ, ఒకటో తరగతి ఉపాధ్యాయినులకే. అత్యంత నేర్పు అవసరమైన పనికి అత్యల్ప వేతనం చెల్లించే రంగం ఇంతకన్న మరొకటి కనిపించదు.

ప్రతి సెప్టెంబరు 5న శాలువాలు కప్పి సత్కరించడం మంచి సంప్రదాయమే. కాని ప్రాథమిక ఉపాధ్యాయులకు ఎక్కువగా కావలసింది శాలువా కాదు, సమయం. ప్రతి బడికీ చట్టం చెప్పినట్లు కనీసం ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలి. లెక్కలు, నమోదులు చూడడానికి కొన్ని బడులకు కలిపి ఒక గుమాస్తాను నియమించాలి. ఉత్తమ శిక్షణ పొందినవారు ఒకటో తరగతి తమకు దక్కడం గౌరవంగా భావించే వాతావరణం రావాలి. మొక్కై వంగనిది మానై వంగునా అని ప్రశ్నించే సమాజం, మొక్క దగ్గర కూర్చున్న తోటమాలికి నీళ్లబిందెతో పాటు ఖాళీ చేతులు కూడా ఇవ్వాలి. ఆ చేతులలో ఫోను ఉన్నంతసేపు పలక పట్టుకున్న చిన్నిచేయి ఒంటరిగానే ఉంటుంది.