ఏ న్యూపోర్టు?



మాది మిడుతూరు, నందికొట్కూరు పక్కన. అనంతపురం జిల్లా పెద్దవడుగూరు మండలంలో ఇంకో మిడుతూరుంది. అందుకే మా ఇంటికి వచ్చే చుట్టాలకు "నందికొట్కూరు దగ్గరి మిడుతూరు, అనంతపురంది కాదు" అని ముందే చెప్పేవాళ్లం. ఇంత తెలిసినవాణ్ణి పరదేశంలో అదే గోతిలో పడ్డాను.

ఆమధ్య లండనులో మా అన్నకొడుకు ఇంటికి వెళ్లాను. ఈ కాలేజీలో నాతో ఒకే బెంచీమీద కూర్చున్న మిత్రుడి కూతురి పెళ్లి, న్యూపోర్టులో. మావాడు ఫోనులో న్యూపోర్టు అని కొట్టి కారు తీశాడు. అది చెప్పిన మలుపులన్నీ తిరిగి వేల్సు చేరాం. పెళ్లి జరిగేదేమో ష్రాప్‌షైరులోని న్యూపోర్టులో! అక్కడికింకా వంద కిలోమీటర్ల పైమాటే. మేం చేరేసరికి ముహూర్తం దాటింది, భోజనాలూ అయిపోయాయి. నా మిత్రుడు ఒక్కమాట అనలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

తప్పు ఫోనుది కాదు. అడిగిన ఊరికే తీసుకెళ్లింది. ఏ న్యూపోర్టు అని మేం ఆలోచించలేదు, అంతే. రోడ్డు అట్లాసు వెనకనున్న పేర్ల పట్టిక తెరిస్తే న్యూపోర్టులన్నీ ఒకదాని కింద ఒకటి కనబడి, ఆ ప్రశ్న మాచేత వేయించేవి. ఫోను మలుపు చూపిస్తుంది. మంచి పటం దేశాన్ని చూపిస్తుంది. రెండూ కావాలని నా వాదం.

మంచి పటమంటే ఏది? ముందు స్కేలు చూడండి. 20 కిలోమీటర్ల రోడ్డు పది లక్షలకు ఒకటి స్కేలులో 2 సెంటీమీటర్లే. రెండు లక్షలకు ఒకటిలో 10, యాభై వేలకు ఒకటిలో 40. దేశమంతా ఒకే కాగితంమీద చూపే పటం గోడకు అందమే గాని దారికి చాలదు. కారుకు రెండు లక్షల స్కేలు, కొండల్లో నడకకు యాభై వేల స్కేలు మేలు. మిషెలిన్ పటాల్లో ఎత్తురోడ్లకు బాణపు గుర్తులు, అందమైన దారులకు ఆకుపచ్చ అంచులు ఉంటాయి. ఆ గుర్తులు చదవడం ఇంటిదగ్గరే నేర్చుకోవాలి. అచ్చయిన సంవత్సరమూ చూడాలి. 2022కు ముందు పటంలో మా మిడుతూరు కర్నూలు జిల్లాలోనే ఉంటుంది మరి!

ఇది మనకు కొత్త విద్య కాదు. 1830-31లో ఏనుగుల వీరాస్వామయ్య మన అహోబిలం, శ్రీశైలాల మీదుగా కాశీకి వెళ్తూ ఆమడల లెక్క, దారి తీరు, ఏ ఊళ్లో అంగళ్లున్నదీ రాసిపెట్టారు. వెనక వచ్చేవాడు దారి తప్పకూడదన్న తపన ఆ రాతల్లో కనిపిస్తుంది.

మన విద్యార్థులు ఏటా విదేశాలకు వెళ్తున్నారు. పటం చదవడం మాత్రం ఎవరూ నేర్పడం లేదు. యూనియనుకు నాదొక విన్నపం. సర్వే ఆఫ్ ఇండియావారి యాభై వేల స్కేలు పటాల్లో మన ప్రాంతానివి తెప్పించి లైబ్రరీలో పెట్టండి. ప్రతి విద్యార్థీ అందులో తన ఊరు, వాగు, బండిబాట వెతుక్కోవాలి. సొంత ఊరిని పటంలో పట్టుకోగలిగినవాడు పరాయి ఊళ్లో మిత్రుడి ఇంటికి వేళకు చేరతాడు.

నేను చేరలేకపోయాను. మీరు చేరండి.