లైబ్రరీ దీపం ఆర్పితే బిల్లు దిగిరాదు

చెన్నైలోని సౌకార్‌పేట, జార్జ్‌టౌన్ కాలేజీల ఖర్చుల మాట ఎక్కడ వచ్చినా ఒక వాదన తప్పకుండా వినిపిస్తోంది. కరెంటు బిల్లు పెరగడానికి పిల్లల నిర్లక్ష్యమే కారణం అంటున్నారు. క్లాసు వదిలి వెళ్తూ ఫ్యాను ఆపరు, లైటు ఆర్పరు. కాబట్టి గోడలకు నోటీసులు అంటించాలి, జరిమానాలు వేయాలి, సాయంత్రం అయిదింటికల్లా లైబ్రరీకి తాళం వేయాలి, అప్పుడే ఖర్చు అదుపులోకి వస్తుంది అంటున్నారు. ఈ మాట అనేవాళ్లు కాలేజీ మేలు కోరేవాళ్లే. అయినా ఇది తప్పుడు వాదన. లెక్కకు నిలవదు, న్యాయానికి అసలే నిలవదు.

ముందు లెక్క చూద్దాం. లైబ్రరీ హాల్లో ఇరవై ఎల్‌ఈడీ ట్యూబులు, ఇరవై సీలింగ్ ఫ్యాన్లు ఉన్నాయనుకోండి. ట్యూబు ఒక్కొక్కటి 20 వాట్లు, పాతరకం ఫ్యాను 75 వాట్లు. అన్నీ కలిపి 1,900 వాట్లు. అయిదు నుంచి ఎనిమిది దాకా మూడు గంటలు నడిపితే 5.7 యూనిట్లు. యూనిట్ పది రూపాయలు వేసుకున్నా రోజుకు 57 రూపాయలు. ఏడాదికి 250 పనిదినాలకు 14,250 రూపాయలు. హాలు నిండా కూర్చుని చదివే పిల్లలకు మూడు గంటల వెలుగూ గాలీ ఇవ్వడానికి అయ్యే ఖర్చు అంతే. సాయంత్రం కూర్చునే అటెండరు జీతం వేరే ఉంది, నిజమే. దాని గురించి మాట్లాడాలంటే జీతాల పద్దు కిందే మాట్లాడండి, కరెంటు పేరు పెట్టకండి.

ఇప్పుడు అదే కాలేజీ బిల్లును చేతిలోకి తీసుకుని యూనిట్ల కింద ఉన్న గడులు చదవండి. తమిళనాడులో హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్ ఉన్న సంస్థ వాడిన యూనిట్లకే కాక డిమాండుకూ, అంటే ఒకే సమయంలో లాగే లోడుకూ, డబ్బు కడుతుంది. ఆ నెలలో నమోదైన గరిష్ఠ డిమాండు, ఒప్పందం చేసుకున్న డిమాండులో 90 శాతం, ఈ రెండింట్లో ఏది ఎక్కువైతే దానికి ఛార్జీ. ఎప్పుడో కొత్త బ్లాకు కడతామని 200 కేవీఏకు (డిమాండును కొలిచేది కేవీఏల్లోనే) ఒప్పందం రాసుకున్నారనుకోండి. ఆ బ్లాకు రాలేదు. మీటరులో గరిష్ఠం ఏ నెలా 120 దాటడం లేదు. అయినా కట్టేది 180 కేవీఏకు. వాడని 60 కేవీఏకు, కేవీఏ అయిదు వందలే అని తక్కువలో తక్కువ వేసుకున్నా, నెలకు 30,000 రూపాయలు. ఏడాదికి మూడు లక్షల అరవై వేలు. ఏ విద్యార్థీ ఏ స్విచ్చూ ముట్టకుండానే పోతున్న డబ్బు ఇది. వేసవి సెలవుల్లో కాలేజీ మూసి ఉన్నప్పుడు కూడా పోతూనే ఉంటుంది.

దీన్ని తగ్గించుకోవడానికి కొత్త యంత్రం కొనక్కర్లేదు. గత పన్నెండు నెలల బిల్లులు ముందు పెట్టుకుని, అత్యధిక డిమాండు ఎంత వచ్చిందో చూసి, కొంత వెసులుబాటు ఉంచుకుని ఒప్పందం తగ్గించమని విద్యుత్ సంస్థకు దరఖాస్తు పెట్టాలి. వెసులుబాటు ఎందుకంటే, ఒప్పందం దాటితే ఆ మించిన భాగానికి రెట్టింపు రేటు పడుతుంది. అలాగే పవర్ ఫ్యాక్టర్ గడి, అంటే లాగిన కరెంటులో ఎంత భాగం నిజంగా పనికి వస్తోందో చెప్పే గడి, కూడా చూడాలి. అది 0.90 కంటే పడిపోతే అదనపు ఛార్జీ వేస్తారు. ప్యానెల్ గదిలో దాన్ని నిలబెట్టే కెపాసిటర్లు ఉబ్బిపోయి, ఫ్యూజులు పోయి ఉంటే, వాటిని మార్చే ఖర్చు కొద్ది నెలల్లోనే తిరిగి వస్తుంది. గల్లీల్లో ఉన్న చిన్న కాలేజీలకు ఎల్‌టీ (లో టెన్షన్) కనెక్షనే ఉండవచ్చు. అక్కడా స్థిర ఛార్జీ అనే గడి ఒకటి ఉంటుంది. దాన్నీ చదవాలి.

స్విచ్చుల సంగతికి వద్దాం. గది వదిలి వెళ్లేటప్పుడు లైటు ఆర్పాలి, ఫ్యాను ఆపాలి, అందులో రెండో మాట లేదు. కానీ ఒక్కసారి క్లాసు గదిలో స్విచ్‌బోర్డు ముందు నిలబడి చూడండి. చాలాచోట్ల ఒక స్విచ్చు వేస్తే కిటికీ దగ్గర నుంచి వరండా గోడ దాకా ఒక వరస మొత్తం వెలుగుతుంది. పగలు పదకొండు గంటలకు కిటికీ పక్క బెంచీలకు కావలసినంత వెలుతురు ఉంటుంది, వరండా పక్కన చీకటి. పిల్ల కిటికీ వైపు దీపాలు మాత్రమే ఆర్పాలనుకున్నా ఆ వీలు లేదు. వైరింగు కిటికీ గోడకు సమాంతరంగా లాగి ఉంటే ఆ వరస ఒక్కటే ఆర్పేయవచ్చు. అలా లాగనిది విద్యార్థి కాదు. ఆ బోర్డు నెత్తిన ‘విద్యుత్ ఆదా చేయండి’ అని నోటీసు అంటించడం అన్యాయం.

ఫ్యానుదీ అదే కథ. డబ్బాలాంటి పాత రెగ్యులేటరు తిప్పి వేగం తగ్గించినా, ఆదా కావలసిన కరెంటులో చాలా భాగం ఆ డబ్బాలోనే వేడిగా మారిపోతుంది. చేత్తో తాకితే తెలుస్తుంది. కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యాను ముప్పై వాట్ల చుట్టూ తీసుకుని అదే గాలి ఇస్తుంది. రోజుకు ఎనిమిది గంటలు, 250 రోజులు తిరిగితే ఒక్కో ఫ్యాను మీద 90 యూనిట్లు మిగులుతాయి, అంటే 900 రూపాయలు. మూడు వేల రూపాయల ఫ్యాను మూడేళ్ల పైచిలుకులో తన ధర తానే తీర్చుకుంటుంది. పాతవన్నీ ఒక్కసారే పీకేయమని నేను అనను. చెడిపోయిన ఫ్యానుకు మళ్లీ వైండింగు కట్టించడం మానేసి, దాని స్థానంలో కొత్తది వేస్తూ పోతే చాలు.

ఇక పై అంతస్తు వేడి. మన పేటలో మిగిలిన పాత మిద్దెలు చూడండి. టేకు దూలాల మీద ఇటుకలను అంచుమీద నిలబెట్టి, సున్నంతో కట్టిన మద్రాసు టెర్రసులవి. మందం వల్ల ఎండ లోపలికి దిగడానికి చాలాసేపు పట్టేది. వాటిని కొట్టేసి వేసిన పలుచని కాంక్రీటు శ్లాబు కింద ఎండ ముదిరిన మధ్యాహ్నం క్లాసు చెప్పడం ఎంత కష్టమో అక్కడ పాఠం చెప్పినవాళ్లకు తెలుసు. ఈ శ్లాబుకు వైద్యం ఉంది. హైదరాబాదు ట్రిపుల్ ఐటీ పరిశోధకులు అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలతో కలిసి హైదరాబాదు భవనాల మీద చేసిన అధ్యయనంలో, ఉత్త కాంక్రీటు కప్పుకు తెల్లపూత వేస్తే చల్లబరచడానికి వాడే కరెంటు 10 నుంచి 19 శాతం తగ్గుతుందని తేలింది. నల్లని కప్పు మీదైతే 14 నుంచి 26 శాతం. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పులకు ఒక విధానమే ప్రకటించింది. చెన్నై ఎండ హైదరాబాదు ఎండకు తీసిపోదు. సౌర పలకలు కూడా మంచివే, పెట్టగలిగితే పెట్టండి. కానీ పక్క భవనం నీడ పడే ఇరుకు డాబా మీద పలకలు పెట్టి బిల్లు సున్నా అవుతుందని ఆశపడవద్దు. యూనిట్లు తగ్గినంత మాత్రాన డిమాండు ఛార్జీ తగ్గదు.

ఏసీల మాట ఎత్తితే కాలేజీ పెద్దలకు కష్టంగా ఉంటుందని తెలుసు, అయినా ఎత్తాలి. ఒకటిన్నర టన్నుల మామూలు ఏసీ కంప్రెసరు తిరిగే ప్రతి గంటకూ సుమారు ఒకటిన్నర యూనిట్లు లాగుతుంది. అలా నాలుగు గంటలు తిరిగితే ఆరు యూనిట్లు. పైన చెప్పిన లైబ్రరీ సాయంత్రం మొత్తానికి అయ్యేదాని కంటే ఎక్కువ. 2020 జనవరి నుంచి రూమ్ ఏసీలు 24 డిగ్రీల దగ్గరే మొదలయ్యేలా తయారు చేయాలని నిబంధన వచ్చింది. ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు ఆరు శాతం కరెంటు మిగులుతుందని కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ అంచనా. ఆఫీసు గదుల్లో రిమోట్ 18 దగ్గర ఉండగా లైబ్రరీకి తాళం వేయమనడం ఏ లెక్కన పొదుపు?

ఆ తాళం ఎవరి మీద పడుతుందో కూడా చెప్పాలి. మింట్ వీధి వెనక గల్లీల్లో, ఒకే గది పోర్షన్లలో కాపురం ఉండే కుటుంబాల పిల్లలు ఈ కాలేజీలకు వస్తారు. నాన్న గోడౌన్ వీధి బట్టల కొట్టులో గుమాస్తా, అమ్మ ఇంట్లో మిషను కుడుతుంది, ఆ గదిలోనే టీవీ, ఆ గదిలోనే వంట. ఆడపిల్ల రాత్రి ఎనిమిది దాకా నిశ్శబ్దంగా కూర్చుని చదువుకోవడానికి ఊళ్లో ఆమెకున్న చోటు కాలేజీ లైబ్రరీ ఒక్కటే. బీచిలోనో హోటల్లోనో కూర్చుని పరీక్షకు చదవలేదు. ఆమె దగ్గర నుంచి మూడు గంటలు లాక్కుని, దాన్ని పొదుపు అని రికార్డుల్లో రాసుకోవడం నాకు సమ్మతం కాదు.

చదువుకు డబ్బు పెట్టడం ఈ ప్రాంతపు తెలుగువాళ్లకు కొత్త కాదు. కన్యకాపరమేశ్వరీ దేవస్థానం ధర్మసంస్థలు మహిళా కళాశాల నడుపుతున్నాయి. పాత చాకలిపేటలోని కళాశాల పిట్టి త్యాగరాయ శెట్టి గారి పేరు మోస్తోంది. ఆ ఒరవడి తెలిసిన కమిటీ పెద్దలకు నా విన్నపం ఇది. ఈ నెల సమావేశానికి పన్నెండు నెలల బిల్లులూ తెప్పించుకోండి. డిమాండు గడి చదివి దరఖాస్తు పెట్టండి, ప్యానెల్ గది తెరిపించి ఎలక్ట్రీషియన్‌తో పాటు మీరూ వెళ్లి చూడండి. ఈ రెండూ చేసేదాకా లైబ్రరీ వేళల జోలికి వెళ్లకండి. ఇప్పటికే తగ్గించి ఉంటే, రేపటి నుంచే మళ్లీ ఎనిమిది దాకా తెరవండి.